ఎక్కడ నిలబెట్టాలో తెలిసిన విద్య: ప్రాగ్ పాతనగరంలో గైడు వెంట నడక

చెక్ దేశ రాజధాని ప్రాగ్ నడిబొడ్డున, వ్లతావా నదికి తూర్పు ఒడ్డున విస్తరించిన పాతనగరాన్నీ దాని చుట్టుపక్కల పేటలనూ 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల తాకిడికి నేలమట్టమైన అనేక ఐరోపా నగరాలతో పోలిస్తే ప్రాగ్‌కు జరిగిన నష్టం చాలా తక్కువ కావడం వల్ల, 12వ శతాబ్దపు రాతి గదుల మొదలు 20వ శతాబ్దపు క్యూబిస్టు మేడల దాకా ఎనిమిది వందల ఏళ్ల కట్టడాలు అక్కడ ఒకదానినొకటి ఆనుకుని నిలిచి ఉన్నాయి. ఇంత దట్టమైన నగరాన్ని బస్సు కిటికీలోంచి చూడడం సాధ్యం కాదు కనుక, ఇరవై ముప్పై మందిని వెంట తీసుకుని రెండు మూడు గంటలు కాలినడకన తిప్పుతూ చెప్పే గైడు అక్కడి వీధుల్లో నిత్యం కనిపించే మనిషి అయ్యాడు. ఆ గైడు చెప్పే తేదీలూ పేర్లూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పుస్తకంలో దొరకనిది, ఏ మాటను ఏ చోట నిలబడి, ఎటు తిరిగి, ఏ క్షణాన చెప్పాలన్న ఎరుక. ఈ వృత్తిని ఒక విద్యగా గౌరవించవలసింది ఆ ఎరుకను బట్టే.

ఈ విద్యకు ఐరోపాలో పాత వంశావళే ఉంది. రోమ్ శిథిలాలను చూడవచ్చిన సంపన్న యాత్రికులకు దారి చూపి వివరించే వారిని ఇటలీలో ‘చిచెరోనే’ అనేవారు. అనర్గళంగా మాట్లాడతారు కనుక ప్రాచీన వక్త సిసిరో పేరే వారికి స్థిరపడిందని చెబుతారు. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన బేడెకర్ సంస్థ ప్రచురించిన చేతిపుస్తకాలు, గైడు లేకుండానే ఎవరికి వారు తిరిగే వీలు కల్పించి, ఆ వృత్తికి పెద్ద పోటీ తెచ్చాయి. పుస్తకం వచ్చాక కూడా మనిషి అవసరం ఎందుకు తీరలేదన్న ప్రశ్నకు 1957లో అమెరికన్ రచయిత ఫ్రీమన్ టిల్డెన్ వారసత్వ స్థలాల వివరణ గురించి రాసిన పుస్తకంలో మంచి సమాధానం దొరుకుతుంది: వివరాలు అందించడం వేరు, వాటి అర్థాన్ని వినేవారి అనుభవానికి తాకించడం వేరు అన్నది ఆయన వాదన సారం. గైడు శిక్షణ కోసం 2008లో వచ్చిన ఐరోపా ప్రమాణం కనీసం 600 గంటల శిక్షణ ఉండాలనీ, అందులో 40 శాతానికి తగ్గకుండా ఆచరణాత్మకంగా సాగాలనీ చెప్పడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

ప్రాగ్‌లో ఎక్కువ నడకలు పాత ‘రాజమార్గం’ వెంట సాగుతాయి. పట్టాభిషేకానికి బయలుదేరిన బొహీమియా రాజులు పాతనగరం గుండా, వంతెన మీదుగా నది దాటి, కొండ మీది కోటకు చేరిన దారి అది. దాని మొదట్లో ఉన్న మందుగుండు బురుజు నిర్మాణం 1475లో మొదలైంది. పక్కనున్న రాజభవనాన్ని విడిచి రాజు కోటకు తరలిపోవడంతో అది అసంపూర్తిగా మిగిలి, తరువాతి కాలంలో తుపాకిమందు గిడ్డంగిగా మారి ఆ పేరు తెచ్చుకుంది. ఆ రాజభవనం ఉన్న చోటే 1912 నాటికి పురపాలక భవనం లేచింది. అనుభవం ఉన్న గైడు బురుజు కిందికి వెళ్లకుండా, నల్లబడిన బురుజూ రంగుటద్దాల పురపాలక భవనమూ ఒకే చూపులో పడేంత దూరంలో జనాన్ని ఆపుతాడు. రెండింటి మధ్య ఉన్న నాలుగు శతాబ్దాల తేడా అక్కడ కంటికే తెలుస్తుంది.

ఆపడంలోనూ చిన్న చిన్న మెలకువలు చాలా ఉన్నాయి. ఎండ తన ముఖాన పడేలా గైడు నిలబడితే వినేవారు కళ్లు చిట్లించవలసిన పని ఉండదు. వెనుక గోడ ఉంటే గొంతు చెదిరిపోదు. నడుస్తూ మాట్లాడితే ముందున్న నలుగురికే వినిపిస్తుంది కనుక, చివరి మనిషి వచ్చి నిలబడేదాకా నోరు విప్పకూడదు. ఒకరు అడిగిన ప్రశ్నను అందరికీ వినిపించేలా తిరిగి చెప్పి ఆ తరువాతే జవాబివ్వాలి. వినడానికి ఇవన్నీ అల్పంగా తోచవచ్చు గాని, వీటిలో ఏ ఒక్కటి తప్పినా వెనుక వరుసలోని వారికి ఆ నగరం సగమే దక్కుతుంది.

పాతనగర చౌకుకు చేరాక, పురమందిరం గోడకున్న ఖగోళ గడియారం దగ్గర గైడు నేర్పు బాగా బయటపడుతుంది. ప్రతి గంటకూ పైకిటికీల్లో క్రీస్తు శిష్యుల బొమ్మలు తిరుగుతాయి, పక్కనున్న అస్థిపంజరం గంట లాగుతుంది. జనం ఆ వేడుక కోసం గుమిగూడి, ఫోన్లతో చిత్రించుకుని వెళ్లిపోతారు. కాని 1410 నాటి ఆ యంత్రంలో అసలు అద్భుతం బొమ్మలలో కాక పలకలో ఉంది. అందుకే మంచి గైడు పది పదిహేను నిమిషాల ముందే అక్కడికి చేర్చి, గంట కొట్టేలోపు పలకను చదవడం నేర్పుతాడు. రోమన్ అంకెల వలయం మీద బంగారు చేయి చూపేది ఇప్పుడు అందరూ వాడే గంట. దాని బయట, నల్లని వలయం మీద బంగారు అంకెలు చూపేది పాత చెక్ కాలమానం. అందులో రోజు సూర్యాస్తమయంతో ముగిసి, మరుక్షణం నుంచి కొత్త లెక్క మొదలవుతుంది కనుక, ఋతువులతో పాటు జరిగే అస్తమయాన్ని అనుసరించి ఆ వలయమే అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా పగటిని 12 సమభాగాలు చేసే మూడో లెక్క ప్రకారం, వేసవి గంట పొడవుగానూ చలికాలపు గంట పొట్టిగానూ ఉంటుంది. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించే పంచాంగం తెలిసిన తెలుగువారికి, పగటి నిడివిని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం గుణించడం ఎరిగిన వారికి, ఈ పలక పరాయిదిగా అనిపించదు. సూర్యచంద్రులు ఏ రాశిలో ఉన్నారో చూపే చిన్న చక్రం కూడా అందులోనే తిరుగుతోంది. ఇదంతా విన్నాక గంట కొట్టినప్పుడు చూసేవారి చూపు బొమ్మల మీది నుంచి పలక మీదికి దిగుతుంది.

ఆ గడియారం మీదనే ఒక కథ ఉంది. దాన్ని చేసిన హనుష్ అనే నిపుణుడు మరో నగరానికి అంతటి గడియారం చేసిపెట్టకుండా, నగరపెద్దలు అతని కళ్లు పొడిపించారనీ, అతడు తడుముకుంటూ వచ్చి యంత్రంలో చేయి పెట్టి దాన్ని ఆపేశాడనీ చెబుతారు. 1894లో అలోయిస్ యిరాసెక్ ప్రచురించిన పాత చెక్ గాథల సంపుటితో ఈ కథ ఇంటింటికీ చేరింది. కాని 1410 నాటి పత్రం ఆధారంగా ఆ గడియారాన్ని చేసినవాడు కదాన్ ఊరి మికులాష్ అని 20వ శతాబ్దంలో పరిశోధకులు తేల్చారు. గణిత, ఖగోళ పండితుడు యాన్ షిందెల్‌కు ఆ పనిలో భాగముందని భావిస్తారు. హనుష్ 15వ శతాబ్దం చివర దాన్ని బాగుచేసినవాడు. ఇక్కడ గైడు ఏం చేయాలన్నది ఈ వృత్తిలో అతి సున్నితమైన ప్రశ్న. కథను దాచేస్తే ఆ నగరవాసులు తరతరాలుగా తమ గడియారం గురించి ఏమనుకున్నారో తెలియకుండా పోతుంది; కథనే చరిత్రగా చెబితే అబద్ధమవుతుంది. కథను కథగా రక్తి కట్టించి చెప్పి, ఆ వెంటనే పత్రం ఏమంటుందో చెప్పడం ఉత్తమ పద్ధతి. మన క్షేత్రాలలో స్థలపురాణాన్నీ శాసనాన్నీ పక్కపక్కన పెట్టి చెప్పగల పెద్దలు చేసేది కూడా ఇదే పని. చార్ల్స్ వంతెన మీద 1683లో ప్రతిష్ఠించిన నెపోముక్ యాన్ విగ్రహం దగ్గరా ఇదే పరీక్ష ఎదురవుతుంది: రాణి పాపనివేదనను రాజుకు వెల్లడించనందుకు ఆ మతాధికారిని 1393లో నదిలోకి తోయించారన్నది భక్తుల కథ, ఒక మఠానికి అధిపతిని నియమించే విషయంలో రాజుకూ ఆర్చిబిషప్పుకూ మధ్య వచ్చిన తగాదాలో అతడు బలైపోయాడన్నది చరిత్రకారుల మాట.

గడియారం నుంచి కొద్ది అడుగుల దూరంలో, పురమందిరం తూర్పు గోడ పక్కన రాతిపరపులో 27 తెల్లని శిలువలు పొదిగి ఉన్నాయి. చౌకులో నడిచేవారు చూపు పైకెత్తి నడుస్తారు కనుక చాలామంది వాటి మీదుగానే దాటిపోతారు. 1620 నవంబరు 8న తెల్లకొండ యుద్ధంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తికి వ్యతిరేకంగా పోరాడిన బొహీమియా వర్గాలు ఓడిపోయాక, 1621 జూన్ 21న తిరుగుబాటు నాయకులు 27 మందిని ఆ చోటనే చంపారు. గైడు ముందుగా ఏమీ చెప్పకుండా జనాన్ని శిలువల మధ్యకు నడిపించి, ఆపి, కిందికి చూడమని మాత్రమే అంటే, వారి పాదాల కింద ఏముందో వారే కనుగొంటారు. అక్కడ మాట కంటే మౌనం ఎక్కువ పని చేస్తుంది. ఆ కథలో ఒక ముక్కను మిగుల్చుకోవడం కూడా నేర్పే: హతులలో 12 మంది తలలను వంతెన మొదట్లోని బురుజుకు వేలాడదీసి పదేళ్లపాటు ఉంచారన్న సంగతిని చౌకులో చెప్పకుండా, అరగంట తరువాత ఆ బురుజు కింద నిలబడి చెబితే, రెండు చోట్లూ ఒకే దారంతో ముడిపడతాయి. శిలువల పక్కనున్న పచ్చిక ఖాళీ స్థలమూ ఊరికే మిగిలింది కాదు. 1945 మే నెలలో, నాజీ ఆక్రమణపై ప్రాగ్ ప్రజలు తిరగబడ్డ చివరి రోజుల్లో, పురమందిరపు తూర్పు భాగం అక్కడ తగలబడిపోయింది. ఆ చోట మళ్లీ ఏమీ కట్టలేదు. కళ్ల ముందున్నది ఎవరైనా చూపగలరు, లేనిదాన్ని చూపడానికే గైడు కావాలి.

నగరం కింద ఉన్న నగరం మరో పాఠం. వరదల బెడద తప్పించుకోవడానికి మధ్యయుగాల్లో పాతనగరం వీధులను మట్టి పోసి ఎత్తు పెంచడంతో, 12వ శతాబ్దపు ఇళ్ల కింది అంతస్తులు నేలమాళిగలైపోయాయి. యూదుల పేటలో సుమారు 1270 నాటి ‘పాత-కొత్త’ ప్రార్థనా మందిరంలోకి వెళ్లాలంటే మెట్లెక్కకుండా మెట్లు దిగవలసి రావడమే అందుకు సాక్ష్యం. చౌకులోనే ఉన్న ‘రాతిగంట ఇల్లు’ 20వ శతాబ్దపు పునరుద్ధరణకు ముందు మామూలు బరోక్ మేడలాగే కనిపించేది. పైపూత తొలగిస్తే దాని కింద గోథిక్ రాతి గోడ బయటపడింది. ఇంటి గుమ్మం పక్కన ఎర్రదొకటి, నీలిదొకటి చొప్పున ఉండే రెండు రేకు పలకలు కూడా చదవదగినవే. 1770లో మరియా తెరీసా పాలనలో ఇళ్లకు మొదలైన వరుస సంఖ్య ఎర్ర పలకది. వీధిలో ఇల్లు ఎన్నవదో చెప్పేది నీలి పలక. అంతకుముందు ఇళ్లను బొమ్మలతో గుర్తించేవారు: నది అవతల నెరుదోవా వీధిలో మూడు ఫిడేళ్ల ఇల్లు, రెండు సూర్యుల ఇల్లు ఈనాటికీ ఆ గుర్తులతోనే ఉన్నాయి.

పింకాస్ ప్రార్థనా మందిరం దగ్గర మాత్రం గైడు చెప్పవలసిందంతా బయటే చెప్పి ముగిస్తాడు. నాజీల చేతుల్లో హతులైన దాదాపు 80,000 మంది చెక్, మొరావియా యూదుల పేర్లు ఊళ్ల వారీగా ఆ గోడల నిండా చేతిరాతతో ఉన్నాయి. 1950లలో రాసిన ఆ పేర్లు, 1968 తరువాత మందిరం చాలాకాలం మూతపడి గోడలు చెమ్మగిల్లడంతో చెడిపోగా, 1990లలో మళ్లీ మొదటి నుంచి రాశారు. ఇంటిపేరు ఎర్రగా, వ్యక్తుల పేర్లూ తేదీలూ నల్లగా ఉంటాయని తెలిసి లోపలికి వెళ్లినవారు, ఒకే ఇంటిపేరు వెంట వరుసగా వచ్చే పేర్లను తామే చదువుకోగలరు.

ఈ సంప్రదాయానికి చెరుపు చేస్తున్నవీ ఉన్నాయి. ముందుగా రుసుము లేకుండా, నడక చివర ఎవరికి తోచినంత వారిచ్చే పద్ధతి చేతిలో డబ్బు లేనివారికి దారి తెరిచింది, అది మేలే. కాని గైడు జీవనం చివరి పది నిమిషాల మెప్పు మీద ఆధారపడినప్పుడు, పత్రం కంటే కథ వైపు, మౌనం కంటే హాస్యం వైపు మొగ్గడం సహజం. చెవిలో పెట్టుకునే రేడియో పరికరాలు వీధి రొదను తగ్గించిన మాట నిజమైనా, గైడు ముఖం చూడనవసరం లేకపోవడంతో జనం చెల్లాచెదురై, ఒక చోటి మాటను మరో చోట నిలబడి వింటున్నారు. సరైన చోటుకు సరైన మాట అన్న మూలసూత్రమే అక్కడ తెగిపోతుంది.

వంతెన ఎక్కేచోట నదీగట్టు గోడలో ‘బ్రదాచ్’, అంటే గడ్డపాయన, అనే రాతి తల ఒకటి ఉంది. 1342 వరదలో కొట్టుకుపోయిన జూడిత్ వంతెనకు చెందిన ఆ తలను, తరువాత గట్టు కట్టినప్పుడు అక్కడ అమర్చారు. కొలతబద్దలు లేని కాలంలో నగరవాసులు నీటిమట్టాన్ని ఆ ముఖం మీదే చూసుకునేవారు: నీరు గడ్డాన్ని తాకితే ఒడ్డున ఉన్నవారు సామాను సర్దుకోవాలి, నడినెత్తి మునిగితే పాతనగర చౌకుకు వరద చేరినట్టే. 1357లో పునాది పడ్డ చార్ల్స్ వంతెన కమానులు మూడింటిని కూల్చిన 1890 వరద కూడా ఆ ముఖం ముందు నుంచే సాగిపోయింది. వంతెన మీది 30 విగ్రహాల వైపు తొందరపడే నడకలు దాన్ని వదిలేస్తుంటాయి. ఓపికగల గైడు మాత్రం వంతెన ఎక్కేముందు జనాన్ని గట్టు దగ్గరికి తీసుకువెళ్లి, కిందికి వంగి చూడమంటాడు. నీటికి ఎగువన, గోడ రాళ్ల మధ్య, అరిగిపోయిన ఆ ముఖాన్ని కనిపెట్టడానికి కాస్త సమయం పడుతుంది, కనిపెట్టేదాకా అతడు ఆగుతాడు.