మెరుపు ఆరకముందే

పుచ్చుపన్ను పూడ్చడంలో సౌందర్యమేముందని అడిగేవారు, గ్లాస్ అయానమర్ సిమెంటు కలిపేటప్పుడు ఒక్కసారి దగ్గరగా చూడాలి. మెత్తని గాజుపొడి, పాలీయాక్రిలిక్ ఆమ్లపు చిక్కని ద్రవం. స్పాట్యులాతో అరనిమిషం మర్దిస్తే చాలు, ముద్ద నిగనిగలాడుతుంది. పంటిలోని కాల్షియాన్ని పట్టుకునే ఆమ్లం ఇంకా మిగిలి ఉందనడానికి ఆ నిగారింపే గుర్తు. మెరుపు ఆరిందా, ఇక అది పంటిని సరిగా అంటదు, పారేసి మళ్లీ కలపాల్సిందే.

కోల్‌కతాలో దంతవైద్య విద్యకు నూరేళ్లు దాటాయి. 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ ఇక్కడ దేశంలోనే మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. సియాల్దా దగ్గర ఆయన పేరుతోనే నేటికీ నడుస్తోంది. అప్పటి సిమెంట్లలో రాజు జింక్ ఫాస్ఫేటు. కలుపుతుంటే వేడి పుడుతుంది కాబట్టి చల్లని గాజుపలక మీద పొడిని చిటికెడు చిటికెడుగా, వెడల్పుగా పరుస్తూ కలపాలి. పలక చల్లగా ఉన్నకొద్దీ ఎక్కువ పొడి ఇముడుతుంది, బలం పెరుగుతుంది. మరీ చల్లబరిస్తే మాత్రం వానాకాలపు బెంగాల్ గాలి పలక మీద చెమ్మగా దిగుతుంది. ఆ చెమ్మకు సిమెంటు తొందరపడి బిగుసుకుని బలం పోగొట్టుకుంటుంది. ఊరి గాలి కూడా కలిసే పాకం ఇది!

అసలు రసమంతా పొరల దగ్గరే ఉంది. లండన్ ప్రభుత్వ రసాయనశాలలో ఆలన్ విల్సన్, బ్రయన్ కెంట్ రూపొందించి 1972లో లోకానికి వివరించిన గ్లాస్ అయానమర్ అనే గాజు సిమెంటును కింద వేసి, పైన కాంపోజిట్ అనే పంటిరంగు పూరకం పెడతారు. పేరు శాండ్‌విచ్ పద్ధతి. పేరు నాకు నచ్చదు, పని మహత్తరం. నీలికాంతి పడగానే కాంపోజిట్ గట్టిపడుతూ నూటికి రెండు మూడు పాళ్లు కుంచించుకుపోతుంది, కింది పొరను పైకి లాగుతుంది. కింది పొర మరీ పచ్చిగా ఉంటే పంటినుంచి ఊడివస్తుంది. కాస్త నిలదొక్కుకున్నదైతే ఆ లాగుడుకు కొంత ఒదిగి నిలుస్తుంది. ఆ అదును తెలియడమే నేర్పు.

కాంపోజిట్‌నూ ఒకేసారి నింపరు, సాధారణంగా రెండు మిల్లీమీటర్ల చొప్పున వేస్తారు. గాలిలోని ఆక్సిజన్ తగిలే పైచర్మం పూర్తిగా గట్టిపడక జిగటగా మిగులుతుంది. చూస్తే లోపం. తరువాతి పొర పట్టు దొరికించుకునేది ఆ జిగటలోనే. ఇంత చక్కని అసంపూర్ణతను నేను కవిత్వంలోనూ అరుదుగా చూశాను.

రసాభాసకూ చోటుంది. నొప్పి తగ్గించే లవంగనూనె సిమెంటు మీద నేరుగా కాంపోజిట్ వేస్తే, నూనెలోని యూజినాల్ గట్టిపడే చర్యను మధ్యలోనే అడ్డుకుంటుంది, అడుగు మెత్తగా ఉండిపోతుంది. విడివిడిగా రెండూ మంచివే. పక్కపక్కన పెట్టడమే అనౌచిత్యం.

మెచ్చుకోళ్లన్నీ పైన కనిపించే కాంపోజిట్‌కే. నా ఓటు కింద దాగిన గాజు సిమెంటుకే. కాల్షియంతో నిమిషాల్లో బిగిసినట్టు కనిపించినా, అల్యూమినియం అయాన్లు నెమ్మదిగా వచ్చి చేరుతూ 24 గంటలు, ఆపైన కూడా దాన్ని దృఢపరుస్తూనే ఉంటాయి. అందుకే డాక్టరు ఒక రోజు ఆ వైపు గట్టివి నమలొద్దంటే, వీధి చివర ఝాల్‌ముడీ ఎంత ఊరించినా, మాట వినండి.