కేటలాగులో ఆమె పేరు

స్త్రీల పేర్ల గురించి స్త్రీవాద విమర్శ చాలానే మాట్లాడింది. ఇంటిపేరు ఎవరిది, పెళ్ళయితే ఎందుకు మారాలి, కలంపేరు చాటున ఎందుకు రాయాల్సి వచ్చింది అని. కానీ ఆ పేరు పాఠకురాలికి తరచుగా మొదట ఎదురయ్యే చోటు గ్రంథాలయం కేటలాగు. దాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. గుమాస్తా పని అనుకున్నాం.

ఆ పనిలో ఎంత తీర్పు ఉంటుందో తెలిసిన రచయిత్రి మనకు ఉన్నారు. 'తన మార్గం' కథలకు 2005లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకుని, 2019లో కన్నుమూసిన అబ్బూరి ఛాయాదేవి, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉద్యోగం చేశారు. డ్యూయీ పాత వర్గీకరణలో స్త్రీలకు ఇచ్చిన అంకె 396. దానికి ముందు 395 మర్యాదలు, మన్ననలు. కాస్త తర్వాత 398 జానపద కథలు. మధ్యలో మనం! ఇప్పుడు 305.4కి, సమాజశాస్త్రంలోకి చేరాం. పుస్తకం ఏ అరలో ఉండాలన్నది కూడా ఒక వ్యాఖ్యానమే.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. ఒకప్పుడు ప్రతి గ్రంథాలయానికీ తన కార్డులు, తర్వాత తన కంప్యూటరు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2009లో తెచ్చిన సోల్ 2.0 లాంటివి కాలేజీ సొంత సర్వర్లో నడిచాయి. ఎన్.ఐ.సి. వారి ఇ-గ్రంథాలయ 4.0 వచ్చాక సాఫ్ట్‌వేరూ, పుస్తకాల వివరాలూ ప్రభుత్వ క్లౌడ్‌లోనే ఉంటాయి. గ్రంథాలయంలో ఇంటర్‌నెట్, బ్రౌజరు ఉంటే చాలు. 2022లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చిన మా గడివేముల లాంటి మండల కేంద్రానికి ఇది మేలే. సర్వరు కొనేదెవరు, చెడిపోతే బాగుచేసేదెవరు? కావలసిన పుస్తకం నంద్యాలలో ఉందో లేదో బస్సెక్కకముందే తెలిస్తే, ఇంట్లో అనుమతి అడిగి బయల్దేరాల్సిన అమ్మాయికి అదెంత సాయమో వేరే చెప్పాలా?

అయితే ఉమ్మడి కేటలాగులో ఒకరు రాసిన రికార్డును తక్కినవాళ్ళు మళ్ళీ రాయరు, తీసుకుంటారు. కార్డుల కాలంలో తప్పు ఒక్క సొరుగులో ఉండేది, లైబ్రేరియన్ పెన్సిల్‌తో దిద్దుకునేది. ఇప్పుడు తప్పు కూడా ఉమ్మడిదే.

ఓల్గానే తీసుకోండి. అసలు పేరు పోపూరి లలితకుమారి. ఇంగ్లీషు అక్షరాల్లో 'వోల్గా' అవుతారు. ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని యంత్రానికి ఎవరో చెప్పాలి. లత అని వెతికితే తెన్నేటి హేమలత దొరకాలి, ఊరిలో ఉన్న లతలందరూ కాదు. బీనాదేవి సంగతి ఇంకా చిక్కు. అది భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతుల ఉమ్మడి కలంపేరు. ఆయన పోయాక కూడా ఆమె అదే పేరుతో రాశారు. మార్క్ పద్ధతిలో ప్రధాన రచయితకు 100వ గడి, తోడు రచయితకు 700వ గడి. మొదటి గడిలో ఆయన పేరు ఎక్కించి, బీనాదేవి అంటే ఆయనే అని ముడి వేస్తే, ఆమె ఒక్కరే రాసినవీ ఆయన ఖాతాలోకే పోతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. ఇంటిపెద్ద పేరు ముందు రాసే అలవాటు చాలు.

అందుకని క్లౌడ్ వద్దని నేననను. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుబాటయ్యే సౌకర్యం కార్డులకు లేదు. దిద్దే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే నా పేచీ. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కట్టే ఊళ్ళ శాఖలు రికార్డులు చూసి ఊరుకోవడమేనా? తప్పు చూపించే వీలు, ఎవరు ఏం మార్చారో తెలిసే వీలు వాటికి ఉండాలి. ఒప్పందం ముగిసినా, సేవ ఆగిపోయినా కేటలాగు మొత్తం తిరిగి తీసుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి.

ఇంకోటి మన వంతు. ఒక రచయిత్రి పుట్టింటి పేరు, అత్తింటి పేరు, కలంపేర్లు, ఏ పత్రికలో ఏ పేరుతో రాసిందీ మన థీసిసుల అనుబంధాల్లో పడి ఉన్నాయి. నా థీసిస్‌లో ఆ పట్టిక పదకొండు పేజీలు. దాన్ని రికార్డులు తయారుచేసేవాళ్ళకు పంపడానికి శుభ్రంగా టైపు చేయిస్తున్నాను. మీ దగ్గరున్నవీ బయటికి తీయండి.