అరచేతిలో బడి: ‘కృత్యం’ అనే మాటకు ముందూ వెనుకా

ప్రాథమిక విద్యపై తెలుగులో వచ్చిన ఏ ఉపాధ్యాయ కరదీపికను తెరిచినా ‘కృత్యం’ అనే మాట ఎదురవుతుంది. కృత్యాధార బోధన, కృత్యపత్రం, కృత్య నిర్వహణ అంటూ అది సమాసాలుగా పెరుగుతూ పోతుంది. బడి బయట ఇదే మాట మనకు కాలకృత్యాల్లోనూ, నిత్యకృత్యాల్లోనూ, పత్రికలు ఖండించే దుష్కృత్యాల్లోనూ తప్ప వినబడదు. మట్టి పిసకడం, ఆకులు ఏరడం, రంగులు కలపడం వంటి పిల్లల పనులకు ఇంత బరువైన పేరు ఎందుకు అవసరమైందన్నదే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న. ఇది పరిభాషకు సంబంధించిన చిన్న అభ్యంతరంలా కనిపించవచ్చు. కాని తెలుగు వచనంలో పిల్లల చేతికీ చదువుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తే దీని లోతు తెలుస్తుంది.

1980లలో బ్రిటిష్ ఆర్థిక సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ప్రతిపాదించింది. చేసి, వెతికి, ప్రయోగించి నేర్చుకోవడం, పరిసరాలను బోధనకు వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని తరగతి గదిలో ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. ఆ తరువాత పథకాలు మారాయి, పరిభాష నిలిచింది. సూత్రాలతో నాకు పేచీ లేదు. అవి ఇక్కడ మునుపెన్నడూ లేనివన్నట్టుగా, పరాయి వాక్యాల నీడలో తయారైన తెలుగులో మన ముందుకు రావడమే చర్చనీయాంశం.

ఈ సందర్భంలో 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన ఎ.డి. కాంప్‌బెల్‌ను గుర్తుచేసుకోవాలి. ఆయన బళ్లారి కలెక్టరుగా 1823లో మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక ఆ జిల్లాలో 533 బడులనూ 6,641 మంది విద్యార్థులనూ లెక్కించింది. పిల్లలు నేలమీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారని అందులో ఉంది. పొద్దున బడికి మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున పెంచుకుంటూ పోయేవారు. ఇసుక స్పర్శతో అక్షరం నేర్చుకొన్న చేయీ, ఆలస్యానికి దెబ్బ తిన్న చేయీ ఒకటే. ధరంపాల్ 1983లో ‘ద బ్యూటిఫుల్ ట్రీ’లో ఈ నివేదికను ప్రచురించడంతో అది మళ్లీ చర్చలోకి వచ్చింది. వీధిబడిని కీర్తించేవారు తరచుగా ఇసుకను చెప్పి అరచేతిని వదిలేస్తారు. తిట్టేవారు అరచేతిని చూపి ఇసుకను మరుస్తారు. ఈ రెండింటినీ కలిపి చదవకపోతే తెలుగు బడి అర్థం కాదు.

ఆధునిక వచనంలో ఆ రెండూ విడిపోయాయి. దెబ్బ బడిలో మిగిలింది, ఇసుక బడి బయటికి పోయింది. ముళ్లపూడి వెంకటరమణ బుడుగుకు లోకమంతా పాఠమే, ప్రైవేటు మాస్టర్లు మాత్రం ఆ లోకానికి అడ్డు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చ నాకు సాచ్చిగా’లో పిల్లవాడికి పైరూ పశువూ చెట్టూ తెలిసేది అమ్మానాన్నల వెంట తిరగడం వల్ల. అక్కడ ప్రకృతి జ్ఞానం అపారం, కాని దానికి చదువు అనే పేరు లేదు. అదే రచయిత తరువాత ‘చదువులా? చావులా?’ రాయవలసి రావడం ఈ చీలికకు పరాకాష్ఠ. బడులు తనిఖీ చేసే ఉద్యోగం చేసిన చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల స్వేచ్ఛ కోసం వాదించాడు గాని, ఆయన పోరు ప్రధానంగా ఇంటి పెద్దల అధికారంతోనే.

చీలిన ఈ రెంటినీ బడిలోపల మళ్లీ కలిపి చూపినవి అనువాదాలు. గిజుభాయి బధేకా 1932లో గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ మనకు ‘పగటికల’గా వచ్చింది. అందులో ప్రయోగానికి దిగిన ఉపాధ్యాయుడు మొదటిరోజే ఓడిపోతాడు. నిశ్శబ్దపు ఆట ఆడించబోతే తరగతి గోలగోల అవుతుంది. మరునాడు కథ చెప్పి గెలుస్తాడు. ఏ కరదీపికలోనూ ఈ ఓటమికి చోటుండదు. అందుకే వాటికంటే ఈ పుస్తకం ఉపాధ్యాయుడికి ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన జపనీస్ పుస్తకం పేరులో ఉన్నది కిటికీ పక్కన నిలబడిన పాప. ఆ కాలపు జపనీస్ వాడుకలో ‘కిటికీ పక్క’ అంటే పక్కకు నెట్టేసినవాళ్లన్న ధ్వని ఉంది. తెలుగులో అది ‘రైలుబడి’ అయింది. వీధిబడి, రాత్రిబడి వంటి మాటల సరసన ఇట్టే ఒదిగిపోయే అచ్చమైన పేరు. కృత్యాధార బోధన చేయలేని పనిని ఈ నాలుగక్షరాలు చేశాయి. అయితే నష్టమూ ఉంది. మొదటి బడి వెళ్లగొట్టిన పాప పేరులోంచి తప్పుకొని, రైలుపెట్టె ముందుకొచ్చింది. గోడలకు రైలుపెట్టెల్లా రంగులు వేయించుకొన్న ప్రభుత్వ బడుల ఫొటోలు పత్రికల్లో చూసినప్పుడల్లా, మనం పుస్తకాన్ని పేరు దగ్గరే ఆపి చదివామా అనిపిస్తుంది.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆపిన ఘట్టం వేరు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఒక రైతును పిలిపించి, ఈయన మీకు సేద్యం నేర్పే గురువు అని పిల్లలకు పరిచయం చేస్తాడు. నామిని లోకంలో ఇలాంటివాళ్లకు కొదవ లేదు. వాళ్లను గురువని పిలిచే బడి మాత్రం అక్కడ లేదు.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో, చేసి వెతికి నేర్చుకొనే శిశుకేంద్రిత పద్ధతీ, సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధనా పక్కపక్క అంశాలు. హైదరాబాదులో ఈ రెండూ ఒకే బడిలో కలవడం అరుదు. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులకింద పెరిగే పిల్లలకు మొదటిది అందదు. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకు అది ఇంగ్లీషులో అందుతుంది. ఈ వ్యాసం కోసం నేను బేగంపేటలోని ఒక ప్రాథమిక పాఠశాలలో రెండు రోజులు కూర్చున్నాను. పిల్లలు ఆవరణలో తమకు నచ్చిన ఆకులు ఏరుకొని, రంగు పూసి కాగితంమీద అచ్చులు తీస్తున్నారు. టీచరు ఎవరినీ తొందరపెట్టలేదు, చక్కగా నేర్పింది. ఇది ఏ చెట్టు ఆకు అని ఒక పిల్లవాణ్ని అడిగాను. ‘లీఫ్’ అన్నాడు. ఏ లీఫ్ అంటే, ‘గ్రీన్ లీఫ్’ అన్నాడు. గిన్నెల్లో నీళ్లు మార్చడానికి వచ్చిన ఆయా అది విని, కానుగ అంది. చిన్నప్పుడు ఊళ్లో దాని పుల్లతోనే పళ్లు తోముకొనేవాళ్లమనీ, గింజ నూనె దీపానికి వాడేవాళ్లనీ చెప్పింది. పిల్లవాడు రంగు చేతులతోనే ఆమెవైపు తిరిగి, ఇంకో ఆకు చూపించాడు.