తీసేసి చూడు

సొంత లాగిన్ సర్వర్ పెట్టుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. 2014లో రెడ్‌హ్యాట్ వాళ్లు బయటికి తెచ్చిన కీక్లోక్ ఉచితంగానే దొరుకుతుంది. డాకర్ ఉన్న మెషీన్ మీద ఒక్క కమాండ్ కొడితే 8080 పోర్టులో అడ్మిన్ పేజీ వచ్చేస్తుంది. అది చూసి మురిసిపోయే జూనియర్లకు నేను వెంటనే ఒక పని చెప్తాను: "నలుగురు యూజర్లను చేర్చు. కంటైనర్ డిలీట్ చేసి మళ్లీ లేపు."

కాసేపటికి పిలుపొస్తుంది: "అన్నా, యూజర్లు లేరు!"

ఉండరు మరి. స్టార్ట్-డెవ్ మోడ్‌లో ఏమీ మార్చకుండా లేపితే డేటా అంతా ఆ కంటైనర్ లోపలి ఫైల్లోనే ఉంటుంది. ఆపి మళ్లీ నడిపితే బతుకుతుంది, తీసేస్తే దాంతోపాటే పోతుంది. కంటైనర్ ఉన్నదే పారేయడానికి. పారేయకూడనిదేదో ముందే తేల్చుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

అందుకే డేటా పోస్ట్‌గ్రెస్‌లోకి, అది వాల్యూమ్ మీదికి వెళ్లాలి. కంపోజ్ ఫైల్లో డిపెండ్స్-ఆన్ అని రాసి ఊరుకుంటే చాలదు. అది డేటాబేస్ కంటైనర్‌ను ముందు మొదలుపెడుతుందంతే, కనెక్షన్లకు సిద్ధమయ్యేదాకా ఆగదు. హెల్త్‌చెక్ పెట్టి, అది పాసయ్యాకే కీక్లోక్ లేచేలా రాయాలి. ఇమేజ్ పక్కన 'లేటెస్ట్' అని కాకుండా వెర్షన్ నంబరు వేయాలి. కొత్త వెర్షన్ లేవగానే డేటాబేస్ టేబుళ్లను మార్చేస్తుంది, అక్కణ్నుంచి వెనక్కి రావడం కష్టం. రీడైరెక్ట్ అడ్రసుల్లో నక్షత్రం గుర్తు (*) పెడితే పని తొందరగా అవుతుంది, దొంగకీ దారి దొరుకుతుంది. ఓపిగ్గా పూర్తి అడ్రసే రాయాలి.

ఇంత పట్టింపెందుకంటే, మిగతా యాప్‌లన్నీ దీని గుమ్మం దాటే లోపలికి వెళ్లాలి. కీక్లోక్ యాక్సెస్ టోకెన్ ఆయుష్షు మనం మార్చకపోతే 5 నిమిషాలు. సర్వర్ పడిపోతే ఆ టోకెన్ల మీద నడిచే యాప్‌లకు మిగిలే గడువూ అంతే. తర్వాత ఆఫీసంతా మీకే ఫోన్ చేస్తుంది.

బ్యాకప్ ఉందా అంటే అందరూ ఉందనే అంటారు. దాన్ని ఖాళీ మెషీన్ మీద లేపి లాగిన్ అయి చూపించమంటే చాలామంది తల గోక్కుంటారు. నెలకోసారైనా ఆ పని చేసే తీరిక లేనివాళ్లు డబ్బులిచ్చి బయటి లాగిన్ సర్వీసు తీసుకోవడం మేలు. అందులో నామోషీ ఏమీ లేదు.