ఫ్యాన్ డైరెక్ట్ చేస్తే

ఏప్రిల్ వచ్చిందంటే రుద్రూర్ చుట్టుపక్కల రోడ్లన్నీ కళ్లాలే. యాసంగి వడ్లు తారు మీదే ఆరబోస్తారు, మిగిలిన సగం రోడ్డులో మన బండి. ఆ పొట్టు, దుమ్ము కొంత మన ముక్కుల్లోకి, కొంత రేడియేటర్ రెక్కల మధ్యకి పోతాయి. పైన నలభై దాటిన ఎండ. నా పాత మారుతి 800 గేజీలో ముల్లు ఎర్రగీత వైపు పాకడానికి ఇంకేం కావాలి!

మెకానిక్ దగ్గర సిద్ధంగా ఉండే మాట ఒకటే: "ఫ్యాన్ డైరెక్ట్ జేస్త సార్, ఇగ పరేషాన్ ఉండది." వేడిని బట్టి ఫ్యాన్‌ని నడిపే స్విచ్చునీ రిలేనీ తప్పించి, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా వైరు కలిపేస్తాడు. ఇంకాస్త హుషారైనవాడైతే వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వ్ కూడా పీకి పారేస్తాడు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసి పంపడమే ఇది. నా గొడవంతా ఈ డైరెక్ట్ మీదే.

అంబాసిడర్‌కి ఈ తంటా లేదు. ఇంజన్ తిరిగితే బెల్టు, బెల్టుతో పాటే ఫ్యాన్. 1983లో వచ్చిన మారుతిలో ఇంజన్ అడ్డంగా కూర్చుంది. బెల్టు పక్కకు పోయింది, రేడియేటర్ ముందే ఉంది. అందుకే ఫ్యాన్‌కి కరెంటు మోటారు పెట్టారు. నీళ్లు వేడెక్కితే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది బండి ఎప్పుడు వేడెక్కుతోందని. బోధన్ రోడ్డు మీద అరవైలో చల్లగా పోయి, ట్రాక్టర్ల వెనక ఆగగానే ముల్లు లేస్తే ఫ్యాన్‌నే అనుమానించాలి. పరుగులో ఎదురుగాలే ఫ్యాన్ పని చేసిపెడుతుంది. పరుగులోనూ లేస్తుంటే నీటి దారి చూడాలి. పై హోస్ పైపు చెయ్యి పెట్టనివ్వనంతగా కాలుతూ కిందిది చల్లగా ఉందంటే వాల్వ్ తెరుచుకోలేదు, లేదా ఎక్కడో పూడింది.

ఫ్యాన్ సంగతి తేల్చడం కష్టమేం కాదు. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఫ్యాన్ స్విచ్చు కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు పిన్నులనూ వైరుముక్కతో కలపాలి. వేళ్లు రెక్కలకు దూరంగా ఉండాలి సుమా. గిర్రున తిరిగిందా, పోయింది స్విచ్చే. తిరగలేదా, ఫ్యూజు, రిలే, ఎర్త్ చూసుకుంటూ మోటారు దాకా రావాలి. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చినా కదలని మోటారు, పానాతో టక్కున కొడితే లేచి తిరిగిందంటే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టే. డైరెక్ట్ చేసిన ఫ్యాన్‌లో ముందు అరిగేవీ అవే. వాల్వ్ పీకిన బండేమో డిసెంబరు పొద్దున ఊరు దాటినా వేడెక్కదు, పెట్రోలు మాత్రం తాగుతుంది.

ఇక నీళ్లు. పక్కనే నిజాంసాగర్ కాలువ, చేనుకో బోరు. ఏది దొరికితే అది పోసేస్తాం. బోరునీటి సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో గట్టిపడుతుంది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోస్తే ఆ బాధ ఉండదు. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూసుకోవాలి. లోపల ఒత్తిడి నిలిపి, 100 డిగ్రీలు దాటినా నీళ్లు మరగకుండా ఆపేది ఆ మూతే. వేడి మీద దాన్ని తిప్పితే ముఖం కాలుతుంది.

పొట్టు వదలాలంటే ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, అదీ మెల్లగా. సర్వీసింగ్ షెడ్లలో ముందు నుంచి జోరుగా కొడతారు. పొట్టు ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు వంగిపోతాయి.

ఎర్రగీత దగ్గరున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే సంబరపడకండి. నీళ్లు పూర్తిగా పోతే సెన్సర్ తడవక అలా చూపిస్తుంది. బండి అక్కడే ఆపేయండి. ఇంకాస్త దూరం లాగితే ఇంజన్ హెడ్ వంగుతుంది, దాన్ని పట్టుకుని లేత్ మిషన్ వెతుక్కుంటూ బోధన్ పోవాల్సి వస్తుంది.