గాల్లో చెయ్యి

హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఉత్తి చేతులతో కంప్యూటర్‌ను నడిపేలా చెయ్యడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా సైగల జాబితా రాస్తారు. పిడికిలి బిగిస్తే విండో మూసుకోవాలి, అరచెయ్యి తిప్పితే మెనూ రావాలి, వేలు ఊపితే పేజీ మారాలి. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. చేతికి మాత్రం ఆ జాబితా పట్టదు. అది ముక్కు గోక్కుంటుంది, మాటల మధ్య గాల్లో ఊగుతుంది. హెడ్‌సెట్‌లోని కెమెరాకు అవన్నీ ఆజ్ఞలే.

మౌస్ వదిలేస్తే ఊరుకుంటుంది. కెమెరా ముందున్న చేతికి ఆ వెసులుబాటు లేదు. కంటిచూపుతో కంప్యూటర్‌ను నడిపే ప్రయోగాల్లో ఇదే చిక్కును పరిశోధకుడు రాబర్ట్ జేకబ్ 1990లో, తాకిందల్లా బంగారమైపోయే రాజు పేరు మీద, ‘మైడాస్ టచ్’ అన్నారు. మనకైతే భస్మాసుర హస్తం ఉండనే ఉంది. వరమిచ్చేవాడు అది ఎక్కడ పనిచెయ్యకూడదో కూడా ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక నొప్పి. 2002 నాటి ‘మైనారిటీ రిపోర్ట్’ సినిమాలో టామ్ క్రూజ్ చేతులు చాచి గాజుతెర మీద దృశ్యాలను జరుపుతుంటే అందరూ ముచ్చటపడ్డారు. అలా భుజాల ఎత్తున చేతులు పెట్టుకుని కాసేపు నిలబడితే ముచ్చట తీరిపోతుంది. మా రంగంలో దీన్ని ‘గొరిల్లా ఆర్మ్’ అంటారు. పైగా గాల్లోని బటన్ వేలికి తగలదు. నొక్కామో లేదో తెలియక మళ్లీ పొడుస్తాం. రంగు మార్చి కంటికి, టక్కుమనిపించి చెవికి చెప్పగలం గానీ వేలికి చెప్పలేం.

బొటనవేలి కొసను చూపుడువేలి కొసకు తాకించే సైగ నిలబడింది అందుకే. ఎదుట వస్తువు లేకున్నా వేలికి వేలు తగులుతుంది, ఆ స్పర్శ నిజమైనది. ఊరికే కదిలే చెయ్యి ఆ పని తరచుగా చెయ్యదు. 2024లో వచ్చిన ఆపిల్ విజన్ ప్రోలో ఏది కావాలో కన్ను చూపిస్తే వేళ్లు సరేనంటాయి, చెయ్యి ఒడిలోనే ఉండొచ్చు.

అలాగని అన్నిటికీ ఇదొక్కటే వాడితే చెయ్యి మళ్లీ మౌస్ అయిపోతుంది. హెడ్‌సెట్‌లో మెషీన్ విప్పడం నేర్చుకునే కార్మికుడు బోల్టును తిప్పే నేర్చుకోవాలి. మెనూలాంటి ఆజ్ఞలకు ఒకే ఒక్క సైగ, పనులకు మాత్రం చేతికి ఎప్పట్నుంచో ఉన్న అలవాటు: నేను గీసుకున్న గీత ఇది. ఈ గీత దాటి కొత్త సైగ కనిపెట్టడం డిజైనర్‌కు సరదాగా ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకునే బాధ మాత్రం వాడేవాళ్లది.