ప్యాచ్ పంపడం ఒక విద్య

లైనక్స్ కెర్నెల్‌కి ప్యాచ్ పంపేవాళ్లలో సిసలైన పనివాడెవడో కోడ్ దాకా వెళ్లకుండానే తెలిసిపోతుంది. కోడ్ పైన రాసిన నాలుగు వాక్యాలు చాలు. ముందు జబ్బేమిటో, ఎవరికి ఇబ్బందో చెబుతాడు. తన మందు సంగతి ఆ తర్వాతే. ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉంటుంది. పది ప్యాచ్‌లు వరసగా పంపితే, ఎన్నోదాని దగ్గర ఆపినా కెర్నెల్ బిల్డ్ కావాలి. రేపు ఏదైనా చెడితే గిట్ బైసెక్ట్‌తో సగానికి సగం తగ్గించుకుంటూ తప్పున్న ప్యాచ్‌ను పట్టుకోవాలి కదా! రెండో వెర్షన్‌లో ఏం మార్చాడో విడిగా రాస్తాడు. జవాబు రాలేదని మర్నాడే తొందరపెట్టడు, కనీసం వారం ఆగుతాడు. ఆ కోడ్ పంపే హక్కు తనకుందనడానికి గుర్తుగా, సందేశం అడుగున 'సైన్డ్ ఆఫ్ బై' అని తన పేరు రాస్తాడు. లైనక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన దావా గొడవల తర్వాత, 2004లో వచ్చిన పద్ధతి ఇది.

ఈ ఓర్పుకు పరాకాష్ఠ థామస్ గ్లైక్స్‌నర్. రియల్‌టైమ్ కెర్నెల్ పనిని ఆయన, ఆయన తోటివాళ్లు దాదాపు ఇరవయ్యేళ్లు ముక్కలు ముక్కలుగా, ఒక్కో విభాగాన్ని చూసుకునే మెయింటెయినర్‌ను ఒప్పించుకుంటూ లోపలికి చేర్చారు. 2024లో కెర్నెల్ 6.12 వెర్షన్‌తో అది పూర్తయింది. ఎంత కోడ్ రాశారన్నది కాదు, ఎంత చిన్న ముక్కలుగా కోశారన్నది చూడాలి. అబ్బ, ఏం పనితనం!

మెయింటెయినర్లకూ మర్యాద ఉండాలి. కాదంటే కారణం చెప్పాలి. లైనక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ నోటిదురుసును నేను వెనకేసుకు రాను. 2018లో ఆయనే క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అయినా సరే, నాసి ప్యాచ్‌ను తిప్పికొట్టే మొండితనం విషయంలో నేను ఆయన పక్షమే.

ఇక నకిలీ సరుకు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు బహుమతిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో ఒక టీషర్టు కోసం జనం ఎవరెవరి రీడ్‌మీ ఫైళ్లలోనో ఒకటి రెండు మాటలు అటూ ఇటూ మార్చి పంపారు. ఆ చెత్త ఎత్తింది ఎవరు? జీతం లేని మెయింటెయినర్లు. ఆ తర్వాత ఏఐ చేత రాయించిన, లేని లోపాల రిపోర్టులు కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మీద కురిశాయి. దాన్ని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ బహిరంగంగానే మండిపడ్డాడు. మండిపడడా మరి? రాసి పంపినవాడికి పట్టిన దానికంటే చదివేవాడికి ఎక్కువ సమయం పడుతుంది. ఈ చెత్తకు తోడు 'ఎందుకింత ఆలస్యం' అన్న సతాయింపు ఒకటి. అది ఎంత దూరం పోతుందో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ ఉదంతం చూపించింది. ఒంటరి మెయింటెయినర్‌ను ముక్కూ మొహం తెలియనివాళ్లు వేధించారు, సాయానికొచ్చినట్టు నటించినవాడు పగ్గాలు అందుకుని దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌లో అరసెకను ఆలస్యమెందుకని తవ్వబట్టి బయటపడింది.

మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు నాదొక్కటే మనవి. రెజ్యూమెలో ఒక వరస కోసం ఎవరి రీడ్‌మీ జోలికీ పోకండి. ముందు ఇంకొకరి ప్యాచ్‌ను మీ మిషన్‌పై నడిపి, ఏం జరిగిందో నిజాయతీగా రాసి పంపండి. 'టెస్టెడ్ బై' అని మీ పేరు చేర్చడానికి కెర్నెల్‌లో చోటుంది.